మెయిన్ ఆపిన ఇల్లు

తెల్లవారేసరికి వరద వీధిలోంచి తప్పుకుంది గాని, టైలరమ్మ ముందుగదిలో మాత్రం చీలమండ లోతున నిలిచిపోయింది. కిటికీలోంచి పడిన వెలుతురు ఆ నీటిని తాకి పైకప్పుకెక్కి, అక్కడ మెల్లగా అలలు పోతోంది. గోడల చుట్టూ మోకాలెత్తున సన్నని బురదగీత. కుర్చీలు తమకు తోచిన దిక్కుకు తిరిగి, మాటల మధ్యలో నిద్రపోయిన చుట్టాల్లా ఉన్నాయి. కుట్టుమిషన్ ఒక్కటే ఉన్నచోటు నుంచి కదలలేదు. సూది కింద సగం కుట్టిన నీలం గౌను వేలాడుతోంది. దాని అంచు నీటిలో ఊగుతోంది.

గుమ్మం మీద టైలరమ్మ, వెనక ఆమె అక్క భర్త. ఆయన విశ్రాంత సర్వేయరు. కొలవనిదేదీ నమ్మనని చెప్పుకునే మనిషి. నిన్న సాయంత్రం నీరు గడప దాటినప్పుడు మెయిన్ స్విచ్ తన చేత్తో దించాకే మరదలిని బయటికి నడిపించాడు.

"గౌను తీసుకొచ్చేస్తాను బావా. బురద ఆరిందంటే మరక పోదు. గుడ్డ మనది కాదు."

"ఆగు. నీళ్ళలో గాజుపెంకులుంటాయి, పామైనా ఉండొచ్చు." ఆయన గడప మీద నుంచే ఎండుకర్రతో నీటి అడుగు తడమసాగాడు.

"మీరిలా అంగుళం అంగుళం కొలిస్తే వచ్చే వరదలోపు మిషన్ దగ్గరికి చేరతాను."

"చేరితే చాలు. లేకపోతే మీ అక్కకి నేనేం చెప్పుకోను?"

"కరెంటు భయమైతే లేదుగా?"

"మెయిన్ నేనే ఆపాను. ఆ విషయంలో నిశ్చింతగా ఉండు."

ఆమె కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. అంతలో తల పక్కకి వంచింది.

"మిషన్ నిద్రలో ఏదో గొణుగుతున్నట్టుంది, విన్నారా?"

"మిషన్లు గొణగవమ్మా."

కాని ఏదో వినబడుతోంది. దూరాన తుమ్మెద తిరుగుతున్నంత సన్నగా, తెంపు లేకుండా.

"అదిగో, నీళ్ళలో దానిమ్మగింజ. ఎంత బాగుందో," అంటూ ఆమె కాలు చాపింది.

నీటి మీద ఎర్రటి చుక్క వణుకుతోంది. ఆయన చూపు దాని వెంట గోడ పైకి పాకి, స్విచ్‌బోర్డు మీద వెలుగుతున్న చిన్న దీపం దగ్గర ఆగింది. మెయిన్ ఆపిన ఇంట్లో ఇది ఎలా వెలుగుతోంది?

ఆయన ఆమె మోచేయి పట్టుకుని వెనక్కి లాగాడు.

"మీ ఇన్వర్టరు ఎక్కడుంది?"

"మెట్ల మలుపులో, పై అరలో. అక్కడికి నీళ్ళు రాలేదు." ఆమె గడప నుంచి ఇంకో అడుగు వెనక్కి వేసింది. "దాన్ని మేమెప్పుడూ ఆపం బావా."

"మనం మెయిన్ దించితే కరెంటు పోయిందనుకుంది. పాపం, బ్యాటరీతో కరెంటిస్తూ రాత్రంతా కాపలా కాసింది. మిషన్ స్విచ్?"

"గోడ దగ్గర ఆపే అలవాటు లేదు. పెడల్ మీంచి కాలు తీస్తే ఆగినట్టేగా."

బల్ల కింది మోటారు రాత్రంతా నీటిలో నానింది. ఇక ఆ ఇనుము మీద ఆమె చెయ్యి పడడమే తరువాయి.

ఆయన నీళ్ళకవతల ఉన్న మెట్ల వైపు చూస్తూ చెప్పులు విడవబోయాడు. ఆమె ఆయన చొక్కా పట్టి ఆపింది.

"ఇప్పుడు మీ కొలతలేం వద్దు. కూర్చోండి."

ఇద్దరూ బయటి అరుగు మీద కూర్చున్నారు. కబురందుకున్న ఎలక్ట్రీషియన్ పక్కింటి మేడ మీంచి ఈ మేడ మీదికి దాటి, పొడిగా ఉన్న పై మెట్ల మీదుగా మలుపు దాకా దిగాడు. తుమ్మెద రొద ఆగింది. నీటిలో గింజ ఆరిపోయింది. గది ఉన్నట్టుండి మామూలు గదయింది. అందుకు ఆమెకు ఎందుకో దిగులనిపించింది.

"ఆపినట్టేనా బావా?"

ఔననబోయి, ఆయన నోరు మూసుకున్నాడు.

"నన్నడక్కు. అతను పరీక్షించి చెప్తాడు."

ఎలక్ట్రీషియన్ రబ్బరు బూట్లతో నీటిలో దిగి, ప్లగ్గు ఊడదీసి, బోర్డు దగ్గరా మిషన్ మీదా టెస్టరు ఆనించి చూసి, తల ఊపాడు. అప్పుడు ఆమె కర్ర తడిమిన దారినే వెళ్ళి, సూది ఎత్తి, గౌను విడిపించుకుంది. అంచున బురద మరక అప్పటికే పట్టేసింది.

"పోదేమో," అన్నాడాయన.

"మడిచి కుడితే కనబడదు," అంది ఆమె, తడిగుడ్డను రెండు చేతులా పిండుకుంటూ.