కమాను కింద పెట్టేదాకా

చెప్పకుండా పోవడం నేరం. వకుళ ఆ నేరం చేసింది. గుండె దగ్గర నొక్కేస్తోందని పాలు పోసే ఆవిడకు చెప్పింది, జాకెట్లు కుట్టే ఆదెమ్మకు చెప్పింది, పక్క వాటా కనకవల్లికి చెప్పింది. కట్టుకున్నవాడికి మాత్రం చెప్పకుండానే కన్ను మూసింది. ఇది నేరమే అనడంలో భర్త పేరిశాస్త్రికి ఏ సందేహమూ లేదు.

ఈ మధ్యాహ్నం ఆయన విశాఖపట్నంలో ఒక రికార్డింగు గదిలో కూర్చుని ఉన్నాడు. బయట రోహిణి ఎండ. గదిలో మోకాటి లోతు మంచు. పంచె ఎగదోపి, మంచు మీద తుండు పరుచుకుని, వయొలిన్ తలను కుడి చీలమండ మీద ఆనించుకున్నాడు. మంచు ఎవరు పోశారని అడగలేదు. స్టూడియో వాళ్ల సరంజామా స్టూడియో వాళ్ల ఇష్టం.

అద్దం అవతల సంగీత దర్శకుడు చక్రధర్ ఉన్నాడు. చలిదేశాల హత్యల సీరియళ్లు తెగ చూసి, ఆ దిగులంతా ఒక ఆల్బమ్‌లోకి దించాలని పట్టుబట్టినవాడు. గోడ మీద అలాంటి బొమ్మ ఒకటి మాట లేకుండా ఆడిస్తున్నాడు. గడ్డకట్టిన సరస్సు, దాని మీద ఊలు స్వెట్టరు తొడుక్కున్న పోలీసావిడ, దూరంగా తోక లేని తెల్ల గుర్రం.

"కింది పంచమం ఒక్కటే పట్టండి మాస్టారూ. గమకం వద్దు," అంటాడు చక్రధర్. "ఆ దేశంలో దుఃఖం వణకదు."

"చలికైనా వణకదా?"

"ఇళ్లలో హీటర్లుంటాయి మాస్టారూ."

పేరిశాస్త్రి తీగల మీద కమాను లాగుతాడు. స్వరం సాగినకొద్దీ గది కూడా సాగుతుంది. ఎదురు గోడ వెనక్కి నడిచి నడిచి కనపడకుండా పోతుంది. నేల సరస్సవుతుంది. పోలీసావిడ బొమ్మలోంచి దిగి, కొబ్బరిపీచు పట్టా మీద బూట్లు తుడుచుకుని వచ్చి, ఆయన పక్కన గొంతుక్కూర్చుంటుంది. చలిదేశపు మనిషే అయినా బొబ్బిలి మాట మాట్లాడుతుంది. వకుళది బొబ్బిలి. ఆమె కేసు చూడ్డానికి వచ్చినవాళ్లు ఇంకే మాట మాట్లాడతారు?

ఆయన వాయిస్తూనే ఫిర్యాదు చెబుతాడు. పాలావిడ, ఆదెమ్మ, కనకవల్లి, అందరి పేర్లూ చెబుతాడు. ఆవిడ అంతా విని, రుమాలు తీసి ఆయన ముందున్న మంచుగడ్డను కళ్లద్దం తుడిచినట్టు తుడుస్తుంది.

గడ్డ కింద వకుళ నిలబడి ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడినట్టే ఉంది, గుమ్మం మాత్రం లేదు. ఒక చెయ్యి పైకెత్తి, లేని ద్వారబంధానికి ఆనించింది. రెండో చేతిలో పాలగిన్నె దించే మసిగుడ్డ. నోరు సగం తెరిచి ఉంది.

"ఈవిడ ఎక్కడికీ పోనేదు బాబూ," అంటుంది పోలీసావిడ. "కాసుకుని నిలబడిపోనాది. మీ ఇంట్ల ఏదో కట్టుబాటు ఉందట కదా?"

ఉంది. కమాను కింద పెట్టేదాకా ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదు. పేరిశాస్త్రి తండ్రి పెట్టిన కట్టుబాటు అది. ఇంట్లో పిల్లి కూడా పాటించేది.

"అయితే ఓపాలి కింద పెట్టీండి."

"టేకు అవలేదు," అంటాడు పేరిశాస్త్రి.

టేకు అయిపోతుంది. బ్రహ్మాండంగా వచ్చిందని చెప్పి, చక్రధర్ లైట్లు ఆర్పి టిఫినుకు వెళ్లిపోతాడు. సరస్సుకు దాని వెలుతురు దానికి ఉంది. పేరిశాస్త్రి వాయిస్తూనే ఉంటాడు. కమాను ఆగితే ఆమె చెబుతుంది. చెప్పేస్తే నేరం ఉండదు. నేరం లేకపోతే, ఇన్నేళ్లుగా పొద్దున్నే ఆయన్ని మంచం మీంచి లేపుతున్నది కూడా ఉండదు. మోచెయ్యి కొయ్యబారుతుంది. కనుబొమ్మల మీద మంచు పేరుకుంటుంది. ఆయన కిందికి చూడడు.

పోలీసావిడ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేస్తుంది. గుర్రం సరస్సు దాటుకుని వస్తుంది. దాని దావా కూడా న్యాయమైనదే. కమానుకు కట్టిన వెంట్రుకలు దానివి. అది మెడ వంచి, ఒక్కొక్క వెంట్రుకనూ పళ్లతో పట్టి లాక్కుంటుంది. ఇక్కడ ఊడింది ఊడినట్టే వెనక దాని తోకగా మొలుస్తుంది. స్వరం తాడంత అవుతుంది, తరువాత దారమంత అవుతుంది. మిగిలిన ఒక్క వెంట్రుక మీద పేరిశాస్త్రి ఊపిరి బిగబట్టి వాయిస్తాడు. ఆయన కమాను కొసదాకా లాగేవరకూ గుర్రం మర్యాదగా ఆగుతుంది. ఆగి, దాన్నీ తీసుకుంటుంది.

చప్పుడు లేదు. మంచుగడ్డ కింద పెదవులు కదులుతాయి.

"గుండె దగ్గర నొక్కేస్తోందండీ," అంటుంది వకుళ. "ఏం ఫరవాలేదు, మీరు వాయించుకోండి."

అంతే. మసిగుడ్డ భుజాన వేసుకుని, లోతుల్లో ఎక్కడో ఉన్న వంటింట్లోకి వెళ్లిపోతుంది.

"ఇన్నారు కదా బాబూ. సెప్పింది. ఇంక నేరం నేదు."

"ఆలస్యంగా చెప్పింది," అంటాడు పేరిశాస్త్రి. "అదీ నేరమే."

 పోలీసావిడ లేచి, ఈసారి బూట్లు తుడుచుకోకుండానే బొమ్మలోకి వెళ్లిపోతుంది.

ఆయన ఇంటికి వచ్చేసరికి గుర్రం ముందే వచ్చి ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక ముందు గిట్ట ఎత్తి ద్వారబంధానికి ఆనించింది. నోరు సగం తెరిచి ఉంది. దాని కొత్త తోక పొయ్యి చుట్టూ తిరిగి, కిటికీలోంచి వీధిలోకి పోయి, కనుచూపు మేర తెల్లగా పరుచుకుని ఉంది. పొయ్యి మీద పాలు పొంగి, పొంగు గాలిలోనే గడ్డకట్టి నిలిచిపోయింది. పేరిశాస్త్రి గుర్రానికి ఎదురుగా కూర్చుని, వెంట్రుకలు ఊడిన ఉత్త కమాను కర్రతో తీగల మీద లాగడం మొదలుపెడతాడు. ఏ శబ్దమూ రాదు. కర్ర ఆడుతున్నంతసేపూ గుర్రం నోరు మెదపదు. కట్టుబాటు దానికీ తెలుసు.

పక్క వాటా కనకవల్లి తోక దాటుకుంటూ వచ్చి, కిటికీ దగ్గర ఆగుతుంది.

"ఏదో చెబుదామని నిలబడినట్టుంది బాబాయిగారూ. ఏమంటోంది?"

"ఏమీ అనదు," అంటాడు పేరిశాస్త్రి. "ఈ ఊసు ఇంక నా దగ్గర ఎత్తకమ్మా. నేనూ ఎత్తను."

కర్ర మాత్రం దించడు.