మూడు తలల తాబేలు ధర

తమ్ముడు తన కార్డులు అమ్మడానికి వెళ్తుంటే అమ్మ నన్ను తోడు వెళ్ళమంది. వాడికి బేరం చేతకాదు. ఎవరైనా "పోనీ ఇంతకిచ్చెయ్ బాబూ" అంటే చాలు, తలూపేస్తాడు. బేరం నాకూ రాదు. కానీ నేను ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే అవతలివాళ్ళే ఇబ్బందిపడి కాస్త పెంచుతారని అమ్మ నమ్మకం.

అవి ఆట కార్డులు. ఒక్కోదాని మీద ఒక్కో వింత జంతువు బొమ్మ, కింద దాని బలం, బలహీనత. స్కూలు రోజుల నుంచి వాడు కొన్నవీ, గెలిచినవీ, మార్చుకున్నవీ ఒక రేకు పెట్టెలో దాచుకున్నాడు. అన్నిట్లోకీ గొప్పది మూడు తలల తాబేలు. చూపించమంటే ముందు చేతులు కడుక్కుని రమ్మనేవాడు. అలాంటివాడు అమ్మేస్తానన్నాడంటే కారణం ఒక్కటే. వాడు జుట్టు కత్తిరించే పని నేర్చుకున్నాడు. మా వీధి చివరి సెలూన్‌లో ఒక కుర్చీ ఖాళీ అయింది. అడ్వాన్సు కడితే ఆ కుర్చీ వాడిది. వారం లోపల కట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని ఓనరు చెప్పేశాడు. తాబేలునీ, మంచి కార్డులు మరికొన్నిటినీ అమ్మితే అడ్వాన్సుకి సరిపోతుందని వాడి ఆశ.

"మూలలు నలగకూడదు, గీత పడకూడదు, చెమట చెయ్యి తగలకూడదు. ధరంతా అక్కడే ఉంది" అని వాడు ఇంట్లో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాడు.

ఆ మాట అందరికన్నా శ్రద్ధగా విన్నది నాన్న. ఆయన జెరాక్స్ షాపులో లామినేషన్ పని చూస్తాడు. ఏ కాగితాన్నయినా మిషన్‌లోకి తోసే ముందు, "ఒకసారి వేడి తగిలితే వెనక్కి రాదండీ. చూసుకున్నారా? వేసెయ్యమంటారా?" అని అడుగుతాడు. అవతలివాళ్ళు ఊఁ అంటేగానీ వెయ్యడు. ఇంట్లో మాత్రం ఆ అడగడాలేం లేవు. బస్సు టైములు, మందుల చీటీ, నా మూడో తరగతి డ్రాయింగు, అన్నీ ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. "కాస్సేపు కదలకుండా కూర్చుంటే నన్నూ వేసేస్తారు" అంటుంది అమ్మ.

బయల్దేరేటప్పుడు రేకు పెట్టెను నాన్నే తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"ఇక్కడ తెరవకు, దుమ్ము. అక్కడే తెరువు" అన్నాడు. నవ్వు ఆపుకుంటున్నట్టు కనిపించాడు.

కార్డుల షాపు ఒక పాత భవనంలో, మెట్ల కిందున్న చిన్న గది. షాపతను కంటికి భూతద్దం తగిలించుకుని, టేబుల్ లైటు కింద ఒక్కో కార్డునూ వాల్చి చూశాడు.

"ఇవి కట్టల లెక్కన పోతాయి తమ్ముడూ. ఇది పర్లేదు. ఇది బాగుంది. ఇదేంటి, నోట్లో పెట్టుకున్నావా?"

"చిన్నప్పుడు అక్క..."

"నేను కాదు" అన్నాను. ఆ షాపులో నేను మొదటిసారి నోరు విప్పింది అప్పుడే.

మంచి కార్డులు పెట్టె అడుగున ఒక కవరులో ఉన్నాయి. తమ్ముడు కవరు వంచగానే అవన్నీ గాజు పలకల్లా తళతళలాడుతూ జారి పడ్డాయి. షాపతను భూతద్దం తీసేశాడు.

"ఇదేంటి?"

"తాబేలు" అన్నాడు తమ్ముడు.

"తాబేలని తెలుస్తూనే ఉంది. ఎవరు చేశారీ పని?"

నాకు చూడగానే తెలిసింది. ప్లాస్టిక్ వెయ్యడానికి ముందే కార్డుల మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. ఆ కట్టర్ నాన్న సొరుగులో ఉంటుంది.

"ఊడదియ్యడానికి కుదరదా?" అని అడిగాను.

"తీస్తే దాంతోపాటు రంగూ లేచొచ్చేస్తుందమ్మా. అయినా మూలలే లేవు కదా, ఏం చూసి ధర కట్టమంటారు?" అతను తాబేలును వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. "పని మాత్రం ఎంత నీటుగా చేశారో! ఒక్క బుడగ లేదు."

మామూలుగా ఉంటే ఎంత పలికేదని తమ్ముడు అడిగాడు. అతను చెప్పాడు. వాడు అడక్కుండా ఉంటే బాగుండేదనిపించింది.

మిగతా కార్డులకి అతనొక ధర అన్నాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. కొంచెం పెంచాడు. అయినా అడ్వాన్సులో సగమే అయింది.

బస్సులో తమ్ముడు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"అన్నీ అమ్ముడుపోయాయని చెబుదామా? వీటిని నేను దాచేస్తాను" అన్నాను.

"నాన్న సంతోషపడతాడు. సంతోషంలో ఇంకేది వేసేస్తాడో" అన్నాడు వాడు. మళ్ళీ తనే, "నేనే చెబుతాలే. జెరాక్స్ షాపుకెళ్ళి చెప్పను, కస్టమర్లుంటారు" అన్నాడు.

సాయంత్రం నాన్న చెప్పులు విడుస్తూనే అడిగాడు. "ఏరా, తాబేలుని చూసి ఏమన్నాడు?"

"ఒక్క బుడగ లేదన్నాడు."

నాన్న ముఖం వెలిగిపోయింది.

"కానీ కొనలేదు నాన్నా. మూలలు ఎలా ఉన్నవి అలాగే ఉండాలంట. ప్లాస్టిక్ వేస్తే ఇక వాటికి ధర లేదంట."

నాన్న కార్డు తీసుకుని దాని మూల మీద బొటనవేలు ఆనించాడు. "మూలలు నలగకూడదన్నావు. అసలు మూలే లేకపోతే నలిగేదేముంది అనుకున్నాను" అన్నాడు. అమ్మ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. గ్లాసు ముట్టుకోకుండానే, "దారిన పోయేవాళ్ళందర్నీ అడుగుతాను. నిన్ను అడగలేదు" అన్నాడు నాన్న.

మర్నాడు ఆయనే తమ్ముణ్ణి సెలూన్‌కి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను, మాట్లాడకుండా కూర్చోవడానికి.

ఓనరు డబ్బు చూసి నవ్వాడు. "సగం అడ్వాన్సుకి సగం కుర్చీ ఇమ్మంటారా? ఏ సగం కావాలి, పైదా కిందదా?"

"తప్పు నాది, వాడిది కాదు. ముందు వాడి చెయ్యి చూడండి" అని నాన్న వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

తమ్ముడు ఆయన మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. జుట్టు తడిపి, దువ్వి, కత్తెర ఎత్తి ఆగాడు.

"ఒకసారి కత్తెర పడితే వెనక్కి రాదండీ. చూసుకున్నారా? వేసెయ్యమంటారా?"

నాన్న అద్దంలో వాడి వంక చూశాడు. నిన్నటి నుంచి ఆయన ఎవరి ముఖమూ సరిగ్గా చూడలేదు.

"చూసుకున్నాను. వేసెయ్" అన్నాడు.

పని అయ్యాక ఓనరు వంగి, నాన్న చెవుల పక్కనా మెడ వెనకా పరీక్షగా చూశాడు, నిన్న షాపతను కార్డులు చూసినట్టే. వేలితో మెడ మీద గీతను తడిమాడు.

"పొద్దుటిపూట కుర్చీ తీసుకో. మిగతా డబ్బు కట్టాక సాయంత్రం పూట సంగతి చూద్దాం" అన్నాడు తమ్ముడితో.

తమ్ముడు గుడ్డ విప్పి దులిపాడు. నాన్న మాత్రం కుర్చీలోంచి లేవలేదు. తల అటూ ఇటూ తిప్పి అద్దంలో చూసుకుంటూ ఇంకాసేపు అక్కడే కూర్చున్నాడు.