పదిహేడో నంబరు

స్పీకర్లు రెండు జతలు ఒకేసారి తెప్పించింది ఫెబా. నచ్చిన జత ఉంచుకోవాలి, రెండోది సోమవారం పొద్దున వాపసు పోవాలి. అందుకని ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు ముగించగానే, నాచారంలోని ఆ రెండు గదుల ఇంట్లో విచారణ మొదలైంది.

ఫెబాది పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని. బల్ల మీద కంప్యూటర్ పక్కన ఇమిడేంత చిన్నవి కావాలి, పాట మాత్రం నిండుగా వినిపించాలి. పది రోజులు ఫోన్‌లో రివ్యూలు చదివి చదివి, చివరికి ఒక నల్ల జత, ఒక చెక్కరంగు జత దగ్గర ఆగింది.

తల్లి లూర్దమ్మ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నిజానికి ఆ ఇంట్లో స్పీకర్ల గురించి తీర్పు చెప్పదగ్గ మనిషి ఆమె ఒక్కతే. ఇండస్ట్రియల్ ఏరియాలోని స్పీకర్ల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లు టెస్టర్‌గా చేసింది. అద్దాల గదిలో కూర్చుని, ప్రతి స్పీకర్‌నూ కింది స్వరం నుంచి పై స్వరం దాకా మోగించి, చెవితో విని, బాగుంటే వెనక అయస్కాంతం మీద చాక్‌పీసుతో తన నంబరు పదిహేడు రాసేది. ఒకసారి రాశాక ఆ స్పీకర్‌కు పూచీ ఆమెదే. రెండేళ్ల కిందట ఆ పనికి మెషీన్ వచ్చింది.

"వయసు మీద పడ్డది లూర్దమ్మా, నీ చెవి ఎప్పటి లెక్క లేదు" అని సూపర్‌వైజర్ ఆమెను ప్యాకింగ్‌కు మార్చాడు. మెషీన్ వచ్చింది కాబట్టి మారుస్తున్నామంటే ఊరుకునేది. చెవి పోయిందన్నాడే, అది గుచ్చుకుంది. అంతకన్నా అన్యాయం, ఆ మాట ఆమె కూడా నమ్మేసింది. అట్టపెట్టెలకు టేపు అంటించే మనిషికి తన చెవి ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?

ఒకటే పాటను ముందు చెక్కరంగు జతలో, తర్వాత నల్ల జతలో మోగించింది ఫెబా.

"నల్లదాంట్ల డోలక్ మస్తుగుంది" అన్నాడు దేవసహాయం. లూర్దమ్మ భర్త, కంపెనీ స్టాఫ్ బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్లు ఇంజను పక్కన కూర్చున్న మనిషికి గట్టిగా మోగిందల్లా గొప్పదే.

"నాక్కూడ నల్లదే నచ్చింది. రివ్యూలల్ల గూడ దీనికే మార్కులెక్కువ. నువ్వేమంటవ్ మమ్మీ?"

లూర్దమ్మ తల వంచి వింటోంది. డోలక్ కింది దెబ్బ పడ్డప్పుడల్లా, దాని చివర సన్నని గరగర ఒకటి వినిపించింది. వినిపించిందా, లేక తనకే అలా అనిపించిందా? కొత్త టెస్టర్లు చేసే మొదటి తప్పు, గదిలో మోగే వస్తువును వదిలేసి స్పీకర్‌ను తప్పుపట్టడం. లేచి షోకేసులోని స్టీలు గ్లాసులు తీసి పరుపు మీద పరిచింది. గోడ మీది క్యాలెండర్ కూడా దించింది.

"ఏం జేస్తున్నవే?" అన్నాడు దేవసహాయం.

"జర ఆగుండ్రి. మల్ల పెట్టు బిడ్డా."

గరగర అలాగే ఉంది. నోరు మూసుకుంటే, చెడ్డ స్పీకర్ బిడ్డ బల్ల మీద ఏళ్ల తరబడి కూర్చుంటుంది. చెప్పి తప్పైతే, సూపర్‌వైజర్ అన్నదే నిజమని సొంత ఇంట్లో రుజువవుతుంది. అయినా చెప్పింది.

"ఎడమ డబ్బాల కాయిల్, గదే లోపటి తీగచుట్ట, రాసుకుంటుంది."

ఫెబా చెవి ఆనించి విన్నది. "నాకేం ఇనవడ్తలేదు. కొత్తది గద మమ్మీ, ఫ్యాక్టరీల చెక్ జేసే పంపుతరు."

"చెక్ జేసెటోళ్లల్ల నేను గూడ ఉంటిని బిడ్డా."

ఫెబా ముఖం చిన్నబోయింది. "సరే, గోడ దిక్కు తిరుగు. డబ్బాలు అటిటు మారుస్త, ఒక్కోసారి మార్చకుండ ఉంచుత. చెడ్డది ఏ దిక్కుందో నువ్వే చెప్పు" అంది.

లూర్దమ్మ గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది. కుడి అంది. ఎడమ అంది. మళ్లీ ఎడమే అంది. ఆరుసార్లు మోగితే ఆరుసార్లూ సరిగ్గా చెప్పింది. ఏడోసారి దేవసహాయం కొంటెగా నల్లవి పక్కన పెట్టించి, చెక్కరంగువి మోగింపజేశాడు.

"రెండూ మంచియే" అంది లూర్దమ్మ, వెనక్కి తిరగకుండానే. "గా చెక్కరంగువి పెట్టి నన్నేం పరీక్ష పెడ్తవయ్యా."

దేవసహాయం పకపకా నవ్వాడు. ఫెబా నవ్వలేదు. తల్లిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

లూర్దమ్మ పాట ఆపించి, నల్లవాటిలో చెడ్డ డబ్బాకు ముందున్న గుడ్డ మూత తీసింది. బిడ్డను చెవి దగ్గర పెట్టి వినమని, రెండు వేళ్లతో కాగితపు గిన్నెను మెల్లగా లోపలికి నొక్కి వదిలింది. సర్రుమని సన్నగా గీసుకున్న చప్పుడు. మంచి డబ్బాలో నొక్కితే చప్పుడు లేదు. ఈసారి ఫెబాకు తేడా స్పష్టంగా తెలిసింది.

ఆమె అక్కడే కూర్చుని ఫోన్‌లో వాపసు కారణం రాసి పైకి చదివింది: "ఎడమ స్పీకర్‌లో కాయిల్ రాసుకుంటోంది. పరీక్షించినవారు లూర్దమ్మ, స్పీకర్ టెస్టర్, పదిహేనేళ్ల అనుభవం."

"పందొమ్మిదేండ్లు" అంది లూర్దమ్మ. "సక్కగ రాయి."

ఫెబా సరిదిద్దింది. తర్వాత, తాను సండే స్కూల్లో పాఠం చెప్పేటప్పుడు వాడే చాక్‌పీసు సంచిలోంచి తీసి తల్లి చేతిలో పెట్టింది. "ఉంచుకునేవాటికి నీ నంబర్ ఎయ్యి మమ్మీ."

లూర్దమ్మ చెక్కరంగు స్పీకర్లు రెండింటినీ తిరగేసి, ఒడిలో పెట్టుకుంది. ముందు ఒకదాని అడుగున, తర్వాత రెండోదాని అడుగున పదిహేడు రాసింది. రెండేళ్లుగా ఆ నంబరు రాయని చెయ్యే అయినా, ఒక్క గీత కూడా వంకర పోలేదు.