మడమ బ్రేకు

స్టాఫ్ బస్సు ఖాళీ అయ్యేసరికి ఎనిమిదింపావు అవుతుంది. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కేది సాయంత్రం ఐదున్నరకి. ఉత్త బస్సుని కర్నూలుకి తిప్పడానికి ఓనరు ఒప్పుకోడు. అందుకని మధ్యలో ఉన్న తొమ్మిది గంటలూ హనుమేష్ ఓర్వకల్లు మిట్టల మీదే ఉండిపోవాలి. నాలుగేళ్ళుగా ఉండిపోతున్నాడు.

మొదట్లో నిద్రపోయేవాడు. వెనక పొడుగు సీటు మీద కాళ్ళు ముడుచుకుని, మొహం మీద తువ్వాలు కప్పుకుంటే మధ్యాహ్నం మూడింటిదాకా మెలకువ వచ్చేది కాదు. పోయిన జూలై నుంచి ఆ నిద్ర లేదు. కళ్ళు మూసుకోగానే కుడికాలు మేలుకుంటుంది. చెప్పులోపల వేళ్ళు కదులుతాయి, చీకట్లో దేన్నో తడుముకుంటున్నట్టు.

జూలైలో జరిగింది ఇంతే. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఓర్వకల్లు దాటాక డివైడరు తెరిచి ఉన్నచోట ఒక ముసలాయన మోపెడ్ మీద, వెనక పచ్చిగడ్డి మోపుతో, అటూ ఇటూ చూడకుండా అడ్డం వచ్చాడు. బస్సు తగిలింది. ఆగింది. ముసలాయన బతికాడు. తొడలో రాడ్డు వేశారు. ఆస్పత్రి మంచం మీదనుంచి ఆయనే పోలీసులకి చెప్పాడు.

"ఆ యప్పది తప్పేమీ లేదు సార్. నేనే సూసుకోలేదు."

ఓనరూ తప్పు లేదన్నాడు. బస్సులో ఉన్న ముప్ఫైమందీ లేదన్నారు. హనుమేష్ భార్య మద్దమ్మ గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చి, ఆ మాట ఎత్తడం మానేసింది. అందరూ కలిసి అతన్ని వదిలేశారు.

అతనికి మాత్రం ఒక సంగతి తెలియలేదు. బ్రేకు ముందా, దెబ్బ ముందా? దెబ్బ చప్పుడు గుర్తుంది. వెనకనుంచి ఎవరో ఆడమనిషి "అన్నా" అని అరవడం గుర్తుంది. గడ్డిమోపు విడిపోయి అద్దం మీద పరుచుకున్న ఆకుపచ్చ గుర్తుంది. కాలు గుర్తులేదు. తడిరోడ్డు మీద టైరు గీతలు కూడా పడలేదు. ఇరవై ఆరేళ్ళు తన ఒంట్లో భాగంగా పనిచేసిన కాలు ఆ అరక్షణంలో ఏం చేసిందో దానికే తెలియాలి. ఎవరైనా తిట్టి ఉంటే ఎదురు చెప్పేవాడేమో, చెప్తూ చెప్తూ తనే నమ్మేవాడేమో. అడిగేవాళ్ళు లేకపోవడం వల్ల ఆ ప్రశ్న బయటికి పోయే దారి లేక అతనిలోనే కూలబడింది.

ఇప్పుడు ఫిబ్రవరి. హెవీ లైసెన్సు గడువు ఈ నెల ఇరవై రెండుతో అయిపోతుంది. రెన్యువల్‌కి నింపాల్సిన కాగితం మద్దమ్మ నెట్ సెంటరుకి పోయి తెచ్చిపెట్టింది. పేరు రాశాడు, ఊరు రాశాడు. మూర్ఛ వస్తుందా? లేదు. చూపు మందమా? లేదు. ఆ తర్వాతి ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. చేతుల, కాళ్ళ కదలికలో గానీ, అదుపులో గానీ ఏమైనా లోపం ఉందా?

"లేదని రాసి పారేయ్. ఆ కాగితం ఎవరు సదువుతారు?" అంది మద్దమ్మ.

"నేను సదివినా గదా."

"సదివి సదివి యాడికి పోతావు? స్టీరింగు వదిలిపెట్టి వాచ్‌మన్‌గా కూర్చుంటావా?"

అతను అలాగే కూర్చుంటాననే అనుకున్నాడు. తెలియని సంగతిని తెలిసినట్టు రాసి ముప్ఫైమందిని ఎక్కించుకోవడం అతనివల్ల కాదు. కాగితం మడతపెట్టి బస్సులో తన ముందున్న పెట్టెలో పడేశాడు. ఇరవై రెండు దాకా చూసి, రాయలేకపోతే మానేయడమే. మానేస్తాననుకున్నప్పుడు దుఃఖం రాలేదు. చాలాసేపు మోసిన మూట దించబోతున్నప్పుడు భుజాలకు వచ్చే నిస్సత్తువ వచ్చింది.

చక్రాల బూట్లు అతని దగ్గరికి వచ్చింది ఆ నెల మొదట్లోనే. కంపెనీ ఆఫీసులో పనిచేసే భువన ఒక సంచి బస్సులో వదిలేసి వెళ్తోంటే పిలిచాడు.

"నీకోసమే హనుమేషన్నా. మా ఆయన బెంగళూరు నుంచి మోజుపడి తెప్పించుకున్నాడు. రెండురోజులు తిరిగి, నడుం పట్టేసిందని మంచమెక్కినాడు. ఇంట్లో అడ్డం. ఎవరికైనా ఇచ్చేయ్, లేదంటే నువ్వే వేసుకో."

"నేనేంది, ఇవేంది తల్లీ!"

"తొమ్మిది గంటలు ఖాళీయే గదా నీకు!" అని నవ్వుతూ గేటు దాటింది.

సంచిలో గట్టి ప్లాస్టిక్ బూట్లు. ఒక్కోదాని కింద ఒకే వరసలో నాలుగు చక్రాలు. కుడి బూటు మడమ వెనక ఒక రబ్బరు దిమ్మ. అదే బ్రేకట. అరచేతులకు, మోకాళ్ళకు తొడుగులు, ఒక హెల్మెట్టు కూడా ఉన్నాయి. సైజు తొమ్మిది. అతనిదీ తొమ్మిదే. యాభై ఒక్క ఏళ్ళ మనిషి వాటిని ఎందుకు తొడుక్కున్నాడంటే చెప్పడం కష్టం. నిద్ర రాలేదు, అదొకటి. తను పడితే దెబ్బ తనకే తగిలే బండి జీవితంలో మొదటిసారి దొరికింది, అదింకొకటి. రెండో కారణాన్ని అతను తనతో కూడా చెప్పుకోలేదు.

రోడ్లకు అక్కడ కొదువ లేదు. ఫ్యాక్టరీలు వస్తాయని ముందే వేసిన నల్లటి వెడల్పాటి రోడ్లు. ఇరుపక్కలా నంబర్లు రాసిన రాళ్ళు, వెలగని దీపస్తంభాలు, వాటి వెనక సర్కారు తుమ్మ, దూరంగా బోడిగా నిలబడ్డ రాతిగుట్టలు. వచ్చిన ఫ్యాక్టరీలు రెండో మూడో. మిగతా రోడ్ల మీద గాలీ, మేకలూ తిరుగుతాయి. దీపాల వైర్లు ఎవరూ కోసుకుపోకుండా ఏసన్న కాపలా ఉంటాడు. అరవై దాటినవాడు. రేకుల షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చర్చి పాటలు గొంతులోనే పాడుకుంటూ ఖాళీని కాస్తుంటాడు.

మొదటిరోజు హనుమేష్ దీపస్తంభాన్ని కౌగలించుకుని నిలబడ్డప్పుడు ఏసన్న కుర్చీలోంచి లేవకుండానే కేకేశాడు.

"ఏమప్పా హనుమేషూ! కాళ్ళకి చక్రాలు కట్టుకొని యాడికి పోతాండావు?"

"యాడికీ లేదు ఏసన్నా. ఈడనే."

"ఈడనే ఉండేదానికి చక్రాలు ఏమిటికప్పా? నేను కుర్చీతోనే ఉండ్లా?"

ఆ మాట సరిగ్గానే ఉందనిపించింది హనుమేష్‌కి. అయినా స్తంభాన్ని వదిలాడు.

ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. ఎవరో అమ్మాయి, వేరే దేశం రోడ్డు. మాట అర్థం కాకపోయినా కాళ్ళు అర్థమయ్యేవి. మోకాళ్ళు వంచాలి, ఒంటిని కాస్త ముందుకు వాల్చాలి, ఒక్కో పాదాన్నీ పక్కకి తోయాలి. వారం తిరిగేసరికి యాభై అడుగులు పోగలిగాడు. పదిరోజులకి కల్వర్టు దాకా. ఎప్పుడైనా ఒక్కోసారి, నాలుగైదు క్షణాలపాటు, రోడ్డు తనంతట తానే కాళ్ళ కింద జారిపోయేది. అప్పుడు అతను ఏమీ అనుకునేవాడు కాదు. ఆ నాలుగైదు క్షణాల కోసమే పొద్దున్నే మోకాళ్ళకు నూనె రాసుకుని వచ్చేవాడు.

ఆగడం మాత్రం పట్టుబడలేదు. ఆగాలంటే కుడిపాదాన్ని ముందుకు చాపి, వేళ్ళు పైకెత్తి, మడమని నేలకు నొక్కాలి. నిదానంగా పోతున్నప్పుడు బుద్ధి పెట్టి చేస్తే కుదిరేది. ఎదురుగా మేక వచ్చిందా, రాయి కనపడిందా, అంతే. మడమ నొక్కాల్సిన కాలు వేళ్ళు నొక్కేది. ముందుచక్రం నేలను పట్టుకునేది, ఒళ్ళు ముందుకు తూలేది, మోకాళ్ళూ అరచేతులూ రోడ్డుకి రాసుకునేవి. రోజుకి ఆరేడు సార్లు. ప్రతిసారీ అదే పడటం.

"వేళ్ళు ఎత్తాల, మడమ నొక్కాల" అని నడుస్తూ గొణుక్కునేవాడు. టీ తాగుతూ బల్ల కింద పాదం ఎత్తి దించేవాడు. ఈ కాలికి ఏదీ ఎక్కదు, ఇది ఎప్పుడో చచ్చిపోయింది, జూలైలో కూడా ఇలాగే చచ్చి పడుంటుంది అనుకునేవాడు. ఒక్కో పడటంతో ఆ కాగితంలోని ఖాళీ గడికి జవాబు దొరుకుతున్నట్టే ఉండేది. లోపం ఉంది.

ఇరవయ్యో తేదీ పొద్దున గుట్టల మీదనుంచి చల్లగాలి వీస్తోంది. కల్వర్టు వైపు రోడ్డు కాస్త పల్లంగా ఉంటుంది. అటువైపు అతను ఎప్పుడూ జోరుగా పోలేదు. ఆరోజు పోయాడు. ఎలాగూ రెండురోజుల్లో అన్నీ అయిపోతాయి, ఎవరి కోసం జాగ్రత్త అనే విసుగు. చక్రాల కిందినుంచి గరగరమని సన్నటి చప్పుడు. చెవుల్లో గాలి. కళ్ళలో నీళ్ళు.

ఏసన్న నీళ్ళ క్యాను పట్టుకుని, తలవంచుకుని, పాట గొణుక్కుంటూ రోడ్డుకి అడ్డం వచ్చాడు. అటూ ఇటూ చూడలేదు. ఎన్నేళ్ళుగానో ఏ బండీ రాని రోడ్డు. చూడాలని ఎవరికి తోస్తుంది?

తర్వాత హనుమేష్ నేలమీద ఉన్నాడు. హెల్మెట్టు రోడ్డుకి తగిలి టక్కుమంది. కుడి మోకాలి తొడుగు జారిపోయింది, మోచేయీ మోకాలూ మండుతున్నాయి. ఏసన్న కాళ్ళు రెండు బారల దూరంలో, అరిగిన చెప్పుల్లో, కదలకుండా నిలబడి ఉన్నాయి. క్యాను ఒరిగి నీళ్ళు పోతున్నాయి.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! సస్తాంటివి గదప్పా! నన్ను గూడా సంపుతాంటివి!"

"తగల్లేదు గదా నీకు?"

"యాడ తగుల్తాది? అంత దూరంలోనే బొక్కబోర్లా పడితివి. పడినాక అరుస్తాండావు, 'ఏసన్నా' అని. పడకముందు అరిస్తే నేను తప్పుకొని ఉందును. నీదంతా ఉల్టా!"

హనుమేష్ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"ఏమన్నావు? మళ్ళా చెప్పు."

"ఏం చెప్పాల?"

"ముందు ఏమైంది, తర్వాత ఏమైంది, వరసగా చెప్పు."

ఏసన్న అతని తలవైపు అనుమానంగా చూశాడు. దెబ్బ గట్టిగా తగిలిందేమో అనుకున్నట్టున్నాడు. క్యాను నిలబెట్టి మెల్లగా చెప్పాడు.

"చక్రాల చప్పుడైతే తలెత్తినా. అప్పటికే నీ కుడికాలు ఇట్ల వేళ్ళమీదికి లేసింది, దేన్నో తొక్కినట్టు. నీ మొగంలో భయం గూడా లేదు ఇంగా. కాలు తొక్కింది, పడినావు, అరిసినావు. ఇదీ వరస. రోజూ అంతే గదప్పా నువ్వు. మేక వస్తే తొక్కుతావు, కుక్క వస్తే తొక్కుతావు. ఆడ ఏముండాదని తొక్కుతావో నాకు తెల్దు. బస్సనుకుంటాండావా ఏంది?"

హనుమేష్ హెల్మెట్టు తీసి పక్కన పెట్టాడు.

ఏసన్న నీళ్ళ కోసం మళ్ళీ ట్యాంకు వైపు వెళ్ళిపోయాడు. హనుమేష్ రోడ్డు మధ్యలో కాళ్ళు చాపుకుని అలాగే ఉన్నాడు. ముందుచక్రం ఇంకా కొద్దికొద్దిగా తిరుగుతోంది. దాన్ని చూస్తూ ఉండిపోయాడు. పదిహేను రోజులు ఈ కాలికి మంచిమాట చెప్పాడు, తిట్టాడు, బల్ల కింద పాఠం పెట్టాడు. అది వినలేదు. అతనికి భయం పుట్టకముందే, గొంతు లేవకముందే, తనకి తెలిసిన ఒక్క పనీ చేసేసింది. తొక్కడానికి అక్కడ ఏమీ లేకపోయినా తొక్కింది.

అయితే ఆరోజు కూడా తొక్కే ఉంటుందా?

ఉంటుందనే గట్టిగా చెప్పలేడు. జూలై జూలైయే. ఆ క్షణం మళ్ళీ రాదు, ఎవరూ తెచ్చి చూపించలేరు. ఈ పడటాలన్నీ కూడబెట్టినా ఆ ఒక్క బ్రేకుకి రుజువు కాదు. ముసలాయన తొడలో రాడ్డు బయటికి రాదు. హాయిగా ఊపిరి పీల్చుకునే ఘడియ అనుకుని ఎదురుచూశాడు గానీ అది రాలేదు. వచ్చింది అలసటే. కాకపోతే అది వేరే అలసట. ఎవరితోనో నెలల తరబడి మాట్లాడకుండా ఉండి, చివరికి వాళ్ళది తప్పు కాదేమోనని తెలిసినప్పటిది. బూటు మీదనుంచే కుడిపాదాన్ని ఒకసారి అరచేత్తో నిమిరాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని చెయ్యి తీసేశాడు.

బూట్లు విప్పి చేత పట్టుకుని బస్సు దగ్గరికి నడిచి వెళ్ళి, టూల్ బాక్సులోంచి అలెన్ కీ తీశాడు. కుడి బూటు మడమనుంచి రబ్బరు దిమ్మ విప్పాడు. ఎడమ బూటుకి కూడా అదే కొలతలో చిల్లు ఉంది. కాసేపు కుస్తీ పడితే దిమ్మ అక్కడ కూర్చుంది.

నీళ్ళు తెచ్చుకుని వస్తున్న ఏసన్న ఆగి చూశాడు.

"ఆ కాలికేమాయప్పా? మంచిగుండే బ్రేకు మారుస్తాండావు?"

"దానికి ఉండే పని చాలు. కొత్తది నేర్పిస్తే పాతది మర్చిపోతాదేమో."

"ఎడమకాలికి వస్తాదా?"

"దానికి క్లచ్చే తెలుసు. భయం తెలియదు. నేర్చుకుంటాది నిదానంగా."

"ఎంత నిదానంగా?"

"ఏమో. తొమ్మిది గంటలు ఉంటాది గదా రోజూ."

ఏసన్న నవ్వాడు. "నేను రోడ్డు దాటేటప్పుడు మాత్రం ముందే అరువప్పా, నీకు పుణ్యముంటాది" అని షెడ్డులోకి పోయాడు.

ఆ మధ్యాహ్నం ఎడమ మడమతో పదిసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లు ఆగాడు. మూడుసార్లు పడ్డాడు. మిగతా ఐదుసార్లు రోడ్డు పల్లం ముగిసి చక్రాలు వాటంతటవే ఆగాయి.

ఐదున్నరకి స్టాఫ్ ఎక్కారు. భువన ఎక్కుతూ అతని మోచేయి చూసి ఆగింది.

"అయ్యో, ఏమన్నా ఇది! నా మూలంగానేనా?"

"ఏం లేదు తల్లీ. పెన్నుందా నీ దగ్గర?"

బ్యాగు వెతికి ఇచ్చింది. పెట్టెలోంచి కాగితం తీసి స్టీరింగు మీద పరిచాడు. మడతల దగ్గర మాసిపోయింది. ఆ ప్రశ్న మళ్ళీ మొదటినుంచి చదివాడు. వెనకనుంచి ఎవరో "అన్నా, టైమైంది" అన్నారు. కదలికలో గానీ, అదుపులో గానీ ఏమైనా లోపం ఉందా? అదుపు అన్న మాట దగ్గర కాసేపు ఆగాడు. అదుపులో లేదు నిజానికి. తన మాట వినదు. తనకంటే ముందే పోయి తొక్కుతుంది.

లేదు అని రాశాడు. చిన్న అక్షరాలతో, గడి దాటకుండా.

పెన్ను తిరిగి ఇచ్చి బండి తీశాడు. గేటు దగ్గర స్పీడు బ్రేకరుంది, హైవే ఎక్కేచోట ఇంకొకటి, ఓర్వకల్లులో బడి ముందు రెండు. బ్రేకు వేళ్ళతో నొక్కినప్పుడల్లా తోలు లేచిన మోకాలు మండింది. ప్రతి దగ్గరా నొక్కాడు.