వదిలితే ఆగే బండి

ఆ ఏడు తెల్లదోమ యలమందయ్య పత్తిచేనును పీల్చి పిప్పి చేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు పాడుదోమ. అప్పుల కింద చేను చేజారింది, ఎడ్లను సంతలో అమ్మేశాడు. ఊళ్లో పదిమందికి పని చెప్పిన మనిషి, ఇక ఒకరి చేలో కూలికి వంగాలి. ఆ అవమానం తప్పడానికి ఒక్క దారే కనబడింది. దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో వించి నడిపే ఉద్యోగం. గోతిలోంచి రాళ్ల ట్రాలీలను పైకి లాగే కరెంటు యంత్రం అది. అందరూ నడపడం అంటుంటే యలమందయ్య మాత్రం తోలడం అన్నాడు. వయసంతా మిర్చి బస్తాల బండి తోలినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాడు పాపం.

క్వారీ ఇంజనీరు త్యాగరాజు మంచివాడే. మంచివాళ్లు పెట్టే పరీక్షలు కూడా ఒక్కోసారి కొంప ముంచుతాయి. గోతిలో మనుషులుంటారు కాబట్టి కొత్తవాళ్ల చేతికి అసలు యంత్రం ఇవ్వలేక, మద్రాసు నుంచి ఓ బొమ్మకారు తెప్పించాడు. లావుపాటి చక్రాలతో రాళ్లెక్కే కారు. తీగ లేదు, చేతిలో పెట్టె మీద మీట కదిపితే రేడియోతో నడుస్తుంది.

"మీట ముందుకి తోస్తే ఎక్కుతుందండి. వదిలేస్తే మోటారే బ్రేకు వేసుకుంటుంది. కాకపోతే నిటారు రాయి మీద ఓ బెత్తెడు జారి, అప్పుడు పట్టుకుంటుంది. కంగారుపడి వెనక్కి మాత్రం లాగకండి, వెనక్కే ఉరుకుతుంది. మన వించీ అంతే," అన్నాడు త్యాగరాజు.

"అట్టాగేనండి," అన్నాడు యలమందయ్య.

కారు బుద్ధిగా రాయెక్కింది. "ఆపండి!" అన్నాడు ఇంజనీరు. యలమందయ్య మీట వదిలాడు. కారు జారింది. ఆయన చెయ్యి మీటను బలంగా వెనక్కి లాగేసింది. పల్లంలో బండి జారితే పగ్గాలు బిగబట్టడం తప్ప ఆ చేతికి ఇంకోటి తెలియదు. పైగా "హో! హో!" అని అరిచాడు కూడా. కారు వెనక్కి దూకి బోర్లాపడింది. చూస్తున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఏం నవ్వులో ఏమో, ఒక మనిషి బతుకు తలకిందులవుతుంటే!

త్యాగరాజు నవ్వలేదు. కారును సరిచేసి మళ్లీ ఇచ్చాడు. యలమందయ్య వదిలెయ్, వదిలెయ్ అని తనలో తాను గొణుక్కుంటూనే రాయెక్కించాడు. వదిలాడు. జారింది. మళ్లీ లాగాడు.

"పెద్దాయనా, తప్పు మీది కాదు. కానీ కింద మనుషులుంటారు కదండీ," అన్నాడు త్యాగరాజు మెల్లగా.

తర్వాత ఆటో నడిపే రంజాన్ వచ్చాడు. మీట వదిలి, కారు జారుతుంటే చేతులు కట్టుకుని చూశాడు. అది పట్టుకుంది. ఉద్యోగం అతనిదైంది.

గేటు దగ్గర సుబ్బరావమ్మ అన్నం క్యారేజీతో కూర్చుని ఉంది. మొగుడి మొహం చూసి లేచింది.

"ఏమయ్యా, ఏమన్నారు?"

"నా చెయ్యి నా మాట వినలేదే," అన్నాడు. ఇక తాను దేనికీ పనికిరానని ఆయనకి తేలిపోయింది.

ఆమె బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సత్తెనపల్లిలో దిగగానే, మొగుడు నోరు తెరవకముందే, మిరపకోతలకు కూలీలను ఎక్కించుకుంటున్న ట్రాక్టరు దగ్గరికి వెళ్లి, "ఇద్దరం ఉన్నామయ్యా," అంది.