పాయలో బోటి

ఎల్లేశం మీద పడ్డ నింద చిన్నదేమీ కాదు. ఎక్కడో దూరం నుంచి తెప్పించిన సముద్రపు సాలీడు కడుపును పారబోశాడట! నల్లగొండలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరుగా చేరి తొమ్మిదేళ్లయింది. ఏనాడూ ఒక్క సీసా పగలగొట్టిన పాపాన పోలేదు.

"సీసల స్పిరిట్ మార్చినప్పుడు కడిగి పారేసినవ్. నడుం కోసి చూస్తే దారమంత గొట్టం తప్ప కడుపే లేదు. ప్రిన్సిపాల్‌కు రాస్త, నీ నౌకరి పోతది" అన్నారు అమరేందర్ సారు. కొత్త లెక్చరరు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మాట విసిరేసి క్లాసుకు వెళ్లిపోయారు.

నౌకరీ పోతే సొంతూరు తిరుమలగిరికి వెళ్లి మళ్లీ గొర్లు కాసుకోవచ్చు. అది తప్పేమీ కాదు గానీ, నింద మోసుకుని వెళ్లడమే ఎల్లేశానికి మింగుడు పడలేదు. ఎన్ని గొర్రెలను కోశాడు! పేగులు, కడుపు బోటికి, కాళ్లు పాయకు. కురుమ ఇంట పుట్టినవాడు బోటిని గుర్తుపట్టలేక పారబోస్తాడా? ఒళ్లు మండింది. అసలు ఆ కడుపెక్కడుందో చూడాలనీ అనిపించింది.

కోసిన సాలీడున్న పళ్లేన్ని కిటికీ దగ్గర పెట్టి, సారు భూతద్దం అందుకున్నాడు. ఎనిమిది పొడుగు కాళ్లు. ఒళ్లు మాత్రం పేరుకే ఉంది. పేగు తెగితే అంచు చిరుగుతుంది. ఈ సన్న గొట్టానికి ఎక్కడా చిరుగు లేదు. పక్కకు ఒక కొమ్మ చీలింది. అద్దం జరిపాడు. ఆ కొమ్మ పలచని తోలు కింద కాలిలోకి దిగింది, మోకాలు దాటింది, ఇంకా దిగింది. రెండో కాలూ అంతే. ఎనిమిదీ అంతే!

సారు తిరిగొచ్చేసరికి ఎల్లేశం ఒక్కడే నవ్వుకుంటున్నాడు.

"ఏడికీ పోలే సార్! గీ దాని బోటి పాయలనే ఉంది. ఒంట్ల జాగా లేక కాళ్లల్లకు దిగింది."

సారు వంగి చూశారు. చాలాసేపు లేవలేదు. లేచాక మొహం చిన్నబోయింది. "తప్పు నాదే ఎల్లేశం. నువ్వేం పారేయలే" అన్నారు.

ఎల్లేశానికి కళ్లు తడిశాయి. అయినా నోరు ఊరుకోలేదు. "మరి నరాలెట్ల పోతయి సార్? కాళ్లన్నిటికీ ఒక్కటే ముడా, జతకొక ముడి ఉంటదా?"

"నాకు తెల్వదు."

సారు నోట ఆ మాట ఆ ల్యాబులో అంతవరకు ఎవరూ వినలేదు. ఆయన తన చిన్న చాకు తీసి, పిడి ఎల్లేశం వైపు తిప్పి పట్టుకున్నారు.

"నా కంటె నీ చెయ్యి నయం. నువ్వే కొయ్యి, నేను చూస్త."