సీసపు ఏప్రాన్

ఎక్స్‌రే బల్ల మీద గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడి భుజాలను ఎస్తరమ్మ అదిమి పట్టుకుంది. కొంగుకు కట్టుకున్న గిలక్కాయను వాడి కళ్లముందు ఆడించింది. వాడు ఏడుపు మరిచి అటు చూడగానే గోడ వెనకనుంచి టెక్నీషియన్ మునిశంకర్ మీట నొక్కాడు. సీసం బిగించిన గోడ చాలదన్నట్టు అతని ఒంటిమీద సీసపు ఏప్రాన్ కూడా ఉంది. ఎస్తరమ్మ ఒంటిమీద ఉన్నది నూలు చీర.

రాబర్ట్‌సన్‌పేటలోని ఆ ఎక్స్‌రే సెంటర్లో చేరిననాటి నుంచీ నేల తుడవడం, కదిలే పిల్లలను పట్టుకోవడం ఆమె పని. పొట్టి మనిషి. చేతులు మాత్రం బంగారు గనిలో పనిచేసిన తండ్రి అమోసువే. మొదట్లో ఆ కిరణాలకు భయపడి అడిగితే, ఇది టార్చిలైటులాంటిదేనని సెంటరు నడిపే డాక్టరు నవ్వాడు. చదువుకున్నవాడి మాట కదా అని నమ్మింది. నమ్మే మనిషిని మోసం చేయడానికి పెద్ద చదువు కూడా అక్కర్లేదు.

రెండో ఏప్రాన్ లేకపోలేదు. ఇనస్పెక్షనుకు వచ్చేవాళ్లకు చూపడానికి ప్లాస్టిక్ కవరు విప్పకుండా బీరువాలో ఉంది. ఆ బీరువా తుడిచేదీ, తాళంచెవి బొడ్లో దోపుకునేదీ ఎస్తరమ్మే.

ఆరోజు బడి నుంచి సౌభాగ్య టీచరు ఎనిమిదో తరగతి పిల్లలను సెంటరు చూపించడానికి తీసుకొచ్చింది. పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుందనీ, కొన్నిటి కేంద్రకం నిలకడ లేక మారిపోతూ కిరణాలు చిమ్ముతుందనీ చెప్పింది. ఆల్ఫా కిరణాలను కాగితం ఆపుతుంది, బీటాను రేకు ఆపుతుంది, గామాకు మందపాటి సీసం కావాలి. ఎక్స్‌రే కరెంటుతో పుడుతుంది, మీట ఆపితే ఆగుతుంది, అయినా గామాలాగే ఒంట్లోంచి దూసుకుపోతుంది.

తర్వాత మునిశంకర్ అందుకున్నాడు. ఒకసారి ఫిలిం తీయించుకుంటే భయంలేదన్నాడు. రోజూ దగ్గరుండేవాళ్లు మాత్రం తక్కువసేపు ఉండాలి, దూరంగా ఉండాలి, మధ్యలో సీసం ఉండాలి. ఏప్రాన్‌ను మడిస్తే లోపలి సీసం చిట్లుతుంది, మేకుకు వేలాడదీయాలి. అన్నీ పిల్లలచేత రెండుసార్లు చెప్పించాడు.

గుమ్మంలో బకెట్‌తో నిలబడి ఎస్తరమ్మ కూడా విన్నది. బకెట్ కింద పెట్టింది.

"ఇన్నేండ్లు పక్కనే ఉండానే మునిశంకరప్పా. ఈ పాఠం నాకెందుకు చెప్పలేదు?"

అతను తల దించుకుని, తర్వాత మాట్లాడదాంలేమ్మా అన్నాడు. ఇంతలో చెయ్యి విరిగిన పాపను తెచ్చారు. ఎస్తరమ్మ బీరువా తీసింది, కవరు చించింది, ఏప్రాన్ తొడుక్కుంది. భుజాలు కుంగేంత బరువు. కొంగునున్న గిలక్కాయను విప్పి పాపను ఆడించింది, ఫిలిం అయ్యాక ఏప్రాన్ జేబులో వేసుకుంది.

పిల్లలు వెళ్లాక డాక్టరు వచ్చాడు. అది ఇనస్పెక్షను వస్తువనీ, విప్పి మడిచి లోపల పెట్టమనీ అన్నాడు.

"మడిస్తే చిట్లుతుందంట సార్. ఇంగ ఇది లేకుండా నేను బిడ్డల్ని పట్టుకోను."

"అయితే రేపటినుంచి రావద్దు."

"సరే. నా తరువాత వచ్చేదానికైనా ఇయ్యండి."

ఏప్రాన్‌ను మేకుకు తగిలించింది, తాళంచెవి బల్లమీద పెట్టింది, మారికుప్పంలోని ఇంటిదారి పట్టింది.

మర్నాడు బల్లమీద ఇంకో బిడ్డ ఏడుస్తూనే ఉంది. కొత్తగా వచ్చిన ఆయా నూలు చీరతోనే వంగి భుజాలు పట్టుకుంది. వెనక మేకుకు ఏప్రాన్ వేలాడుతూనే ఉంది, దాని జేబులో ఎస్తరమ్మ మరిచిపోయిన గిలక్కాయ.